ఘాటెక్కే బండి పొగ ఎంత వేడి?

మామిడికాయల కాలమంతా చిత్తూరు–పలమనేరు రోడ్డు మీద కాయ బండ్లదే రాజ్యం. తోతాపురి కాయ గుజ్జు ఫ్యాక్టరీలకు దిగుతుంటే, తక్కిన కాయ బెంగళూరు వైపు ఎక్కుతుంటుంది. బంగారుపాళ్యం మార్కెట్ యార్డులో లోడు వేసుకున్న పికప్పు వ్యానుకు అసలు పరీక్ష మొగిలి ఘాట్‌లో మొదలవుతుంది. చిత్తూరు సముద్రమట్టానికి 300 మీటర్లకు కాస్త పైన ఉంటే, పలమనేరు 680 మీటర్ల దగ్గర ఉంది. ఆ తేడాలో పెద్ద వాటా ఘాట్ మలుపుల్లోనే ఎక్కాలి. అదీ కదిలే కొండ లాంటి లారీల వెనక, ఆగి ఆగి.

ఆ దారిన రాత్రిపూట బండి నడిపేవాళ్ళ నోట తరచూ వచ్చే ప్రశ్న ఒకటుంది. "మీటర్లో ముల్లు నడిమధ్యనే ఉండాది అన్నా. రేడియేటర్లో నీళ్ళు నిండుగా ఉండాయి. మరి ఘాటెక్కి బానెట్ ఎత్తితే లోపల గొట్టం నిప్పుకణిక మాదిరి ఎర్రగా ఉండాదే! ఏది నమ్మేది, ముల్లునా, గొట్టాన్నా?"

రెండింటినీ నమ్మాలి. ముల్లు చూపేది ఒక వేడిని, గొట్టం చూపేది ఇంకో వేడిని.

ముల్లుకు తెలిసేది ఇంజన్ చుట్టూ తిరిగే నీళ్ళ సంగతి. ఆ నీళ్ళను 90 డిగ్రీల చుట్టుపక్కలే ఉంచడానికి థర్మోస్టాట్, రేడియేటర్, ఫ్యాను మూడూ పనిచేస్తుంటాయి. గొట్టానికి తెలిసేది ఇంజన్‌లో మండి బయటికి తన్నుకొచ్చే వాయువుల సంగతి. దాన్ని మనం పొగవేడి అందాం. ఇక్కడ పొగ అంటే కంటికి కనబడే నల్లది మాత్రమే కాదు. సైలెన్సర్ దారి పట్టి పోయేదంతా పొగే. ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు ఈ పొగవేడి 100, 200 డిగ్రీల మధ్య ఉంటుంది. నిండు లోడుతో ఎగువ ఎక్కేటప్పుడు 600 దాటి 700 దాకా పోతుంది. అదీ కొన్ని సెకన్లలోనే. నీళ్ళ ముల్లు కదలడానికి నిమిషాలు పడుతుంది.

అన్నం వండేటప్పుడు ఎసరు మరిగాక, కింద మంట ఎంత పెంచినా ఎసరు మాత్రం 100 డిగ్రీలు దాటదు. ఎసట్లో వేలు పెట్టి పొయ్యిలో మంట ఎంతో ఎవరూ చెప్పలేరు. నీళ్ళ ముల్లును చూసి పొగవేడిని ఊహించడం అలాంటిదే.

గొట్టం రంగును చదవడం మాత్రం మన కమ్మరికి తెలిసిన విద్య. ఇనుము 500 డిగ్రీలు దాటితే చీకట్లో మసకగా ఎర్రబడడం మొదలవుతుంది. 700 దాటితే పండిన రేగుపండు రంగులోకి వస్తుంది. పగటి వెలుతురులో ఈ ఎరుపు కనబడదు కాబట్టే ఈ ప్రశ్న రాత్రి బండ్లవాళ్ళకే వస్తుంది. టర్బో ఉన్న డీజిల్ ఇంజన్‌కు (టర్బో సంగతి తర్వాత చెబుతాను) నిండు లోడులో ఈ గొట్టం, అంటే మేనిఫోల్డ్, కాస్త ఎర్రబడడం వింత కాదు, దానికదే ప్రమాదమూ కాదు. ఎంత ఎరుపు, ఎంతసేపు అన్నదే లెక్క. టర్బోకు ముందు కొలిచినప్పుడు 700 డిగ్రీల దగ్గర చాలాసేపు నిలబడితే జాగ్రత్తపడాలని పికప్పులతో బరువులు లాగే దేశాల్లో అనుభవజ్ఞులు చెబుతారు.

వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు

డీజిల్ ఇంజన్ పొగ ఒకసారి అంత చల్లగా, ఒకసారి ఇంత వేడిగా ఎందుకుంటుందో తెలియాలంటే దాని ఊపిరి తెలియాలి.

పెట్రోలు బండిలో మనం రేసు తొక్కితే గాలీ పెట్రోలూ రెండూ కలిసి పెరుగుతాయి. వాటి పాలు ఇంచుమించు మారదు. డీజిల్ బండిలో అలా కాదు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన ఇంజన్‌లో నిప్పురవ్వ లేదు. గాలిని గట్టిగా నొక్కితే అది తనంతట తానే విపరీతంగా వేడెక్కుతుంది. అందులోకి నూనెను చిమ్మితే అంటుకుంటుంది. అప్పటికీ ఇప్పటికీ సూత్రం అదే. డ్రైవరు కాలు ఆడించేది డీజిల్‌ను మాత్రమే. గాలి వచ్చేది వస్తూనే ఉంటుంది.

ఒక లీటరు డీజిల్ పూర్తిగా మండాలంటే దాదాపు 12 కిలోల గాలి కావాలి. 12 కిలోల గాలి అంటే సుమారు 10 ఘనమీటర్లు. రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న చిన్న వంటగదిలో పట్టే గాలి. ఒక్క లీటరుకు ఒక వంటగది! అది కనీస అవసరం. తేలిగ్గా పోతున్న డీజిల్ బండి దానికి నాలుగైదు రెట్లు గాలి పీలుస్తుంది. మండడానికి అక్కరలేని ఆ మిగతా గాలి ఏం చేస్తుంది?

స్నానానికి నీళ్ళు తొలుపుకోవడం గుర్తుచేసుకోండి. మరిగిన నీళ్ళు ఒక చెంబు, చన్నీళ్ళు నాలుగు చెంబులు కలిపితే గోరువెచ్చన. అదే మరిగిన చెంబుకు చన్నీళ్ళు అరచెంబే పోస్తే ఒళ్ళు కాలుతుంది. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తోడని పెద్దవాళ్ళు సంసారం గురించి చెప్పే మాట డీజిల్ ఇంజన్‌కు అక్షరాలా సరిపోతుంది. మండే డీజిల్ మరిగే చెంబు. మిగులు గాలి చన్నీళ్ళు. లోడు పెరిగి డ్రైవరు కాలు కిందికి పోయేకొద్దీ డీజిల్ పెరుగుతుంది, మిగులు గాలి తరుగుతుంది. నిండు లోడులో మిగులు గాలి కావలసినదానికి మూడో వంతో సగమో మాత్రమే ఉంటుంది. పొగ కాలుతుంది. ఇంకా తొక్కితే గాలి అందని డీజిల్ సగం మండి, మసిగా మారి నల్లగా బయటికొస్తుంది. నల్లపొగ అంటే బండి ఊపిరాడక దగ్గడం.

పొగవేడిని తగ్గించే ఉపాయాలన్నీ ఇక్కడినుంచే పుడతాయి. సిలిండరులో మంట లేచే ఒక్కో దెబ్బకు పడే డీజిల్ తగ్గాలి, లేదా గాలి పెరగాలి. మూడో దారి లేదు. రేడియేటర్లో నీళ్ళు మార్చినా, బానెట్ తెరిచి తడిగుడ్డ కప్పినా ఇంజన్ లోపల ఆ పాలు మారదు. పైగా ఎర్రగా కాలిన పోత ఇనుము మీద నీళ్ళు పడితే అది పగులుతుంది. ఆ పని ఎవరూ చేయకూడదు.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. పిస్టన్ అల్యూమినియం మిశ్రమం. శుద్ధ అల్యూమినియం 660 డిగ్రీలకు కరుగుతుంది. పిస్టన్‌కు వాడే సిలికాన్ కలిపిన రకం ఇంకా ముందే, 580 దగ్గరే మెత్తబడి కరగడం మొదలవుతుంది. పొగ 700 డిగ్రీలుంటే, లోపలి మంట 2,000 డిగ్రీలు దాటితే, పిస్టన్ ఎలా బతుకుతోంది?

గుళ్ళో పూజారి హారతి పళ్ళెం తెచ్చినప్పుడు మనం మంట మీద చెయ్యి ఆడించి కళ్ళకద్దుకుంటాం. చెయ్యి కాలదు. మంట చల్లనిదై కాదు, చెయ్యి అక్కడ నిలబడలేదు కాబట్టి. పిస్టన్ నెత్తి మీద మంట ఒక్కో దెబ్బకు సెకనులో వెయ్యో వంతుల లెక్కన మాత్రమే ఉంటుంది. వెంటనే పొగ బయటికి పోతుంది, తాజా గాలి లోపలికొస్తుంది. ఈలోగా పిస్టన్ తన వేడిని రింగుల గుండా సిలిండరు గోడకు, కిందినుంచి చిమ్మే ఆయిలుకు ఇచ్చేస్తుంది. అందుకే దాని నెత్తి 300 డిగ్రీల చుట్టుపక్కలే నిలదొక్కుకుంటుంది. రెండు వేల డిగ్రీల మంట కింద మూడు వందల డిగ్రీల లోహం! ఇచ్చిపుచ్చుకోవడంలో ఉన్న ఈ తూకం చూస్తే నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. తూకం చెడిందంటే, అంటే పొగవేడి హద్దు దాటి అయిదు పది నిమిషాలు అలాగే నిలిచిందంటే, హారతి మంట మీద చెయ్యి ఆడించడం మాని పట్టుకు కూర్చున్నట్టే. పిస్టన్ అంచు కరుగుతుంది, వాల్వు కాలుతుంది, హెడ్డు పగులుతుంది, టర్బో రెక్క దెబ్బతింటుంది. మెకానిక్ షెడ్డులో చివరికి వినబడే మాట ఒకటే: "ఇంజన్ బోరుకొచ్చింది." కిస్తుల మీద బండి నడిపే ఇంటికి ఆ మాట ఎంత బరువో చెప్పనక్కరలేదు.

అలిపిరి మెట్లూ గేరు రాడ్డూ

కొండ ఎక్కడానికి ఎంత డీజిల్ కావాలో తిరుమల రోడ్డు మీదే లెక్కేద్దాం. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి. ఎక్కడానికి 1974 నాటి రెండో ఘాట్ రోడ్డు. కింద తిరుపతి సముద్రమట్టానికి 160 మీటర్ల దగ్గర ఉంది, పైన తిరుమల 850 మీటర్ల దగ్గర. ఇంచుమించు 700 మీటర్ల ఎక్కుడు. అన్నప్రసాదానికి కూరగాయలు మోసుకుపోయే పికప్పు బండి తన బరువు, లోడు కలిపి మూడు టన్నులు తూగుతుందనుకుందాం.

మూడు టన్నుల బరువును 700 మీటర్లు పైకి లేపడానికి కావలసిన శక్తి, ఇంజన్ సామర్థ్యం లెక్కలోకి తీసుకుంటే, ఒక లీటరూ ముప్పాతిక డీజిల్‌కు సమానం. రోడ్డు మీద టైర్ల రాపిడికి అయ్యేది దీనికి అదనం. డీజిల్ ఇంజన్ మండించిన ప్రతి మూడు రూపాయల శక్తిలో ఒక రూపాయే చక్రాలకు చేరుతుంది. ఒక రూపాయి నీళ్ళలోకి, ఆయిలులోకి, చుట్టూ గాలిలోకి పోతుంది. ఇంకో రూపాయి పొగతో పాటు సైలెన్సర్ గుండా. అంటే బండిని కొండమీదికి లేపడానికి ఎంత శక్తి పట్టిందో, దాదాపు అంతే శక్తి పొగరూపంలో దారి పొడవునా పారబోశాం. ఆ వేడితో 70 లీటర్ల నీళ్ళను మరిగించవచ్చు. నాలుగైదు బిందెలు. అంత వేడి మీ చెయ్యంత లావు గొట్టం గుండా అరగంటలో పోయింది.

కొండ ఎత్తు మారదు. లోడు ఎక్కించేశాం. మరి డ్రైవరు చేతిలో ఏముంది? చాలా ఉంది, గేరు రాడ్డులో ఉంది.

అలిపిరి దారిలో 3,550 మెట్లు. కుర్రవాళ్ళు గాలిగోపురం దాకా రెండేసి మెట్లు ఒక అంగలో ఎక్కేస్తారు. అక్కడికి చేరేసరికి తొడలు వణుకుతాయి, రొప్పు ఆగదు. పక్కనే ఒక ముసలమ్మ ఒక్కో మెట్టుకు పసుపు కుంకుమ పెడుతూ, ఒక్కొక్కటే ఎక్కుతూ వస్తుంది. ఎక్కిన ఎత్తు ఇద్దరికీ ఒకటే. ఒక్కో అంగకు పడిన బరువు వేరు.

ఇంజన్‌కు ఒక్కో దెబ్బ ఒక్కో అంగ. బండి గంటకు 35 కిలోమీటర్ల వేగంతో ఎగువ ఎక్కుతోందనుకోండి. ఫోర్త్ గేరులో ఇంజన్ నిమిషానికి 1,500 చుట్లు తిరుగుతోంది. ఒక్కో సిలిండరులో సెకనుకు పన్నెండున్నర దెబ్బలు. అదే వేగంలో థర్డ్‌కు దించితే 2,200 చుట్లు, పద్దెనిమిది దెబ్బలు. బండి చేసే పని అదే. కానీ ఆ పనిని పన్నెండు దెబ్బలకు బదులు పద్దెనిమిది దెబ్బలు పంచుకున్నాయి. ఒక్కో దెబ్బకు పడే డీజిల్ మూడో వంతు తగ్గింది. ఒక్కో దెబ్బకు పీల్చే గాలి మాత్రం తగ్గలేదు. పైగా చుట్లు పెరిగితే టర్బో కూడా ఊపందుకుని ఇంకా గాలి తోస్తుంది. మరిగే చెంబు చిన్నదైంది, చన్నీళ్ళు పెరిగాయి. పొగవేడి కొలిచే మీటరు ఉన్న బండిలో ఈ మార్పు కళ్ళారా కనబడుతుంది; గేరు దించిన కొద్ది సెకన్లకే అంకె కిందికి జారుతుంది.

ఇంజన్ చప్పుడు పెరిగితే బండికి కష్టమనీ, చప్పుడు తక్కువగా మూలుగుతూ లాగితే సుఖమనీ చాలామంది నమ్మకం. నిజం తలకిందులు. టాప్ గేరులో "గుబ్ గుబ్" మంటూ లోడును ఈడుస్తున్న ఇంజన్ లోలోపల ఎక్కువ కాలుతోంది. డీజిల్ మిగులుతుందన్న ఆశతో పెద్ద గేరులో పట్టుబట్టి ఎక్కించేవాళ్ళను తప్పుపట్టను. సమతలం మీద ఆ లెక్క నిజమే. ఘాట్‌లో కాదు. అయితే ఇంజన్ గొంతు చించుకునేదాకా చిన్న గేరులో తిప్పాలని కూడా దీనర్థం కాదు. అప్పుడు శక్తి రాపిడికే ఖర్చవుతుంది. మధ్యస్థంగా, గొంతు విప్పి పాడుతున్నట్టు ఉండే చోటు ప్రతి ఇంజన్‌కూ ఒకటుంటుంది. ఆ బండి నడిపేవాడికి అది చెవితో తెలుస్తుంది.

దీని వెంటే ఇంకో మాట. గేరు ఎప్పుడు దించాలి? మలుపు మధ్యలో బండి చతికిలబడ్డాక కాదు, ఎగువ మొదలయ్యేముందే. ఊపు పోగొట్టుకున్న బండిని మళ్ళీ లేపడానికి పడే రేసే పొగవేడిని శిఖరానికి తీసుకుపోతుంది. వేగం సంగతి కూడా అంతే. అదే ఎగువను గంటకు 40కి బదులు 30తో ఎక్కితే ఒక సెకనులో చేయాల్సిన పని నాలుగో వంతు తగ్గుతుంది. ముందున్న లారీని దాటడానికి పడే ఆ పది సెకన్ల ఆత్రమే చాలాసార్లు దారి మొత్తంలో అత్యధిక పొగవేడి.

ట్రాలీ కట్టిన ట్రాక్టరుకూ ఇదే న్యాయం. చెరకు ట్రాలీ లాగే ట్రాక్టర్లలో చాలావాటికి టర్బో ఉండదు. తమ ఊపిరితో తామే పీల్చుకోవాలి. అందుకే కట్ట మీద నల్లపొగ అంత తొందరగా కక్కుతాయి.

గాలి పలచనైతే

మనం చన్నీళ్ళనుకున్న గాలి ప్రతిచోటా ఒకే చిక్కదనంతో ఉండదు. తిరుమల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రతీరంతో పోలిస్తే ఇంచుమించు పదో వంతు తక్కువ. వేసవి మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో గాలి, 25 డిగ్రీల తెల్లవారుజామున ఉండే గాలికన్నా నూటికి అయిదు పాళ్ళు పలచన. ఎగువ, ఎండ రెండూ కలిసొస్తే ఇంజన్‌కు అందే ఊపిరి ఆ మేరకు తగ్గుతుంది. పాతకాలం డ్రైవర్లు తెల్లవారుజామునే ఘాట్ దాటేయాలని తొందరపడటంలో టైర్ల భయంతో పాటు ఈ లాభమూ ఉంది. అమెరికాలో కొలరాడో కొండల మీద ఐజన్‌హోవర్ సొరంగం 3,400 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడికి పికప్పుల వెనక ఇళ్ళంత బండ్లు కట్టి లాక్కుపోయేవాళ్ళు అద్దం పక్కనే పొగవేడి మీటరు పెట్టుకుని, దాన్ని చూస్తూ కాలు ఆడిస్తారు. మన ఎత్తులు చిన్నవే. మన ఎండలూ మన లోడ్లూ చిన్నవి కావు.

పలచన గాలికి విరుగుడు టర్బో. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లో పేటెంటు తీసుకున్న ఆలోచన అది. వృథాగా పోయే పొగతో ఒక చక్రం తిప్పి, ఆ చక్రానికి ఇరుసు బిగించి, అవతలి చివర ఇంకో చక్రంతో తాజా గాలిని ఇంజన్‌లోకి కుక్కడం. మనం పారబోసిన మూడో రూపాయిలోంచి కొన్ని పైసలు వెనక్కి తెచ్చుకోవడం.

కానీ కుక్కిన గాలి వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు పట్టుకుంటే చురుక్కుమంటుంది కదా, అదే సంగతి. టర్బోలోంచి వచ్చే గాలి నిండు లోడులో 100 డిగ్రీలు దాటి పోతుంది. వేడిగాలి మళ్ళీ పలచన. చన్నీళ్ళనుకుని వేణ్ణీళ్ళు కలుపుతున్నట్టు. అందుకే మధ్యలో ఇంటర్‌కూలర్ పెట్టారు. చూడటానికి చిన్న రేడియేటరు లాగే ఉంటుంది, లోపల నీళ్ళకు బదులు గాలి పోతుంది. అది గాలిని ఎంత చల్లబరిస్తే అవతల పొగవేడి దాదాపు అంత, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ తగ్గుతుంది.

మామిడి కాలంలో ఈ ఇంటర్‌కూలర్ ముఖం చూస్తే జాలేస్తుంది. పురుగులు, దుమ్ము, ఎండుటాకు ముక్కలు, ఎగిరొచ్చిన గోనె పీచు. ముందు గ్రిల్లుకు కట్టిన దండలు, గుడ్డలు, అడ్డంగా బిగించిన బోర్డులు. మీరు బండికి దృష్టి తీయాలనుకుంటే గుమ్మడికాయ కొట్టండి, నిమ్మకాయలు తొక్కించండి; గాలి వచ్చే దారికి మాత్రం ఏదీ అడ్డం కట్టకండి. నెలకోసారి మెత్తటి నీటిధారతో కడిగితే చాలు. సర్వీసింగ్ గన్ను దగ్గరగా పెట్టి కొడితే పలచటి రేకులు వంగిపోతాయి.

ఎయిర్ ఫిల్టర్ సంగతి అందరికీ తెలుసు, కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. ఎవరూ చూడనిది ఇంకోటుంది: టర్బోనుంచి ఇంజన్‌కు పోయే రబ్బరు హోసులూ వాటి క్లిప్పులూ. క్లిప్పు కాస్త వదులైతే నొక్కిన గాలి బానెట్ కిందే పారిపోతుంది. ఎగువలో రేసు ఇచ్చినప్పుడు కొత్తగా "ఉస్సు" మని ఈల, వెంట నల్లపొగ, పికప్పు తగ్గడం, ఈ మూడూ కలిసి కనబడితే ముందు నాజిళ్ళు విప్పించకండి. ముందు క్లిప్పులు తడమండి. చాలాసార్లు స్క్రూడ్రైవరు ఒకటి చాలు.

పంపు టైట్ చేయిస్తే

పాత రకం బండ్లవాళ్ళకు ఒక ఆశ ఉంటుంది. డీజిల్ పంపు మీద స్క్రూ కాస్త తిప్పిస్తే బండి గుర్రంలా లాగుతుందని. ఇప్పటి బండ్లలో స్క్రూకు బదులు కంప్యూటరులో లెక్కలు మార్చే "చిప్పు" వచ్చింది. రెండూ చేసేది ఒకటే, దెబ్బకు పడే డీజిల్ పెంచడం.

బండి లాగుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ గాలి అంతే ఉంది. ఆ స్క్రూ దగ్గర సీలు వేసే అలవాటు ఊరికే రాలేదు. ఆ సీలు వెనక ఉన్నది పిస్టన్ ఎంత వేడికి ఓర్చుకుంటుందన్న లెక్క. సమతలం మీద ఖాళీగా తిరిగే బండికి ఆ మార్పు ఏమీ చేయకపోవచ్చు. అదే బండికి ఒకటీ పాతిక టన్ను బదులు రెండు టన్నుల కాయ వేసి, జూన్ నెల ఎండలో, మొగిలి ఘాట్ ఎక్కిస్తే ఆ స్క్రూ తిప్పిన ప్రతి మరా పిస్టన్ నెత్తిన పడుతుంది.

ఓవర్‌లోడు గురించి నా అభిప్రాయం దాచుకోను. కాయ దింపేవాడు టన్ను లెక్కన బాడుగ ఇస్తాడు, డ్రైవరుకు రెండు ట్రిప్పుల సరుకు ఒక ట్రిప్పులో వేస్తే గానీ గిట్టదు. ఆ లెక్కలో ఇంజన్ అరుగుదల ఎవరి ఖాతాలోనూ పడదు, ఒక్క బండి సొంతదారు ఖాతాలో తప్ప. ఎక్కుడులో బరువు నూటికి ముప్ఫై పెరిగితే చేయాల్సిన పనీ ఇంచుమించు నూటికి ముప్ఫై పెరుగుతుంది. అది నేరుగా పొగవేడి. బాడుగ మాట్లాడేటప్పుడు ఇది కూడా మాట్లాడవలసిన సంగతే.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండ్లలో కథ కొంత మారింది. వీటి సైలెన్సర్ దారిలోనే వేడిని చూసే సెన్సర్లు ఉంటాయి. అవి చేసే పని పాతదే: రెండు వేర్వేరు లోహాల తీగలను ఒక చివర అతికించి వేడిచేస్తే అవతలి చివర సన్నటి వోల్టేజీ పుడుతుంది; జోహాన్ సీబెక్ 1821లో గమనించింది ఈ ప్రభావాన్నే. ఆ జంటతీగను థర్మోకపుల్ అంటారు. విడిగా దొరికే పొగవేడి మీటర్లలో ఎక్కువగా వాడేది ఈ జంటతీగే. 700 డిగ్రీల పొగలో అది పుట్టించేది వోల్టులో వెయ్యో వంతులు ఒక ముప్ఫై, అంతే. కంపెనీ బండ్లలో ఇంకో రకం సెన్సర్లూ ఉంటాయి. ఏ రకమైనా, పొగ హద్దు దాటిందని తెలిస్తే కంప్యూటరు తానే డీజిల్ తగ్గిస్తుంది. ఘాట్ మధ్యలో ఉన్నట్టుండి "పికప్ పడిపోయింది" అని తిట్టుకునే సందర్భాల్లో కొన్ని, బండి తన ప్రాణం తాను కాపాడుకుంటున్న సందర్భాలే. మీటరు విడిగా బిగించుకునేవాళ్ళు ఒకటి గమనించాలి. తీగ టర్బోకు ముందు పెడితే ఒక అంకె, తర్వాత పెడితే 100 నుంచి 200 డిగ్రీలు తక్కువ. టర్బో కొంత వేడిని పనిగా మార్చేసింది కదా. ఎక్కడ పెట్టారో తెలియకుండా పక్కవాడి అంకెతో మీ అంకె పోల్చుకోవద్దు.

ఈ కొత్త బండ్లకే ఇంకో మెలిక ఉంది. పొగలోని మసిని పట్టి ఉంచే జల్లెడ, డీపీఎఫ్, నిండినప్పుడు ఆ మసిని కాల్చేయడానికి బండి కావాలనే సైలెన్సర్ లోపలి వేడిని 600 డిగ్రీల దాకా పెంచుతుంది. మనం ఇంతసేపు తగ్గించాలని చూసిన వేడిని బండి తానే పెంచుకుంటుంది, అయితే ఇంజన్ దాటిన తర్వాత, జల్లెడ దగ్గర. దానికి భయపడనక్కరలేదు. ఆ సమయంలో మామిడితోటలో ఎండుగడ్డి మీద మాత్రం బండి నిలపవద్దు.

పలమనేరులో రెండు నిమిషాలు

ఘాట్ దాటి పలమనేరు చల్లగాలి తగలగానే టీ కోసం బండి పక్కకు తీస్తారు. తాళం తిప్పేస్తారు. ఎక్కేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉన్నవాళ్ళయినా చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

టర్బో చక్రం నిండు లోడులో నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. దాని ఇరుసు ఏ ఇనుప గోళీల మీదా కూర్చుని లేదు, పలచటి ఆయిలు పొర మీద తేలుతోంది. ఆ ఆయిలును తోసేది ఇంజన్ నడిపే పంపు. ఇంజన్ ఆగితే ఆయిలు ఆగుతుంది. ఒకవైపు పొగతో కాలిన చక్రం 600 డిగ్రీల దగ్గరే ఉంది. ఆ వేడి మెల్లగా ఇరుసు గుండా పాకి, నిలిచిపోయిన ఆయిలును వండేస్తుంది. మూకుట్లో నూనె మాడి నల్లటి పొరలా అంటుకుంటుందే, అలాంటి పొర బేరింగు దారుల్లో పేరుకుంటుంది. ఒకసారికి ఏమీ కాదు. ఒక కాయ సీజనంతా రోజుకు రెండుసార్లు జరిగితే టర్బో ఇరుసు వదులై, ఆయిలు లీకై, నీలిపొగ మొదలవుతుంది.

మందు రెండు నిమిషాలే. ఘాట్ పైకి చేరాక చివరి కిలోమీటరు కాలు తేలిగ్గా పెట్టి నడిపినా సరే, ఆగాక ఇంజన్‌ను అలాగే తిరగనిచ్చినా సరే. లోడు లేని ఇంజన్ పొగ 200 డిగ్రీల లోపుకు పడిపోతుంది కాబట్టి ఇప్పుడు ఆ పొగే టర్బోను చల్లబరుస్తుంది.

బండి దిగి, టైర్లు కాలితో తట్టి, తాళ్ళు వదులైతే బిగించి, పట్టా అంచు సరిచేసి, "అన్నా, రెండు టీలు" అని కేకేసి వెనక్కి వచ్చి తాళం తిప్పండి. అప్పటికి సరిపోతుంది. ఇంజన్ ఆగాక కాసేపు బానెట్ పక్కన నిలబడితే లోపలినుంచి "టిక్… టిక్…" అని చిన్న చప్పుడు వినబడుతుంది. ఇందాక ఎర్రబడ్డ గొట్టమే అది, చల్లారుతూ తన పాత కొలతకు కుంచించుకుంటోంది.